ప్రశ్నలకు వ్యవధి లేదు

విశ్వవిద్యాలయంలో ఏదైనా ఉపన్యాసం జరుగుతుంటే ఆహ్వానపత్రం అడుగున చిన్న అక్షరాలతో ఒక వాక్యం వేస్తారు, చూశారా? “అందరూ ఆహ్వానితులే” అని. నేను ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెప్పుకుంటున్నదాన్ని. ఇల్లాంటి పత్రాలు వందలకొద్దీ అందుకున్నాను. కొన్ని నేనే రాసి అచ్చుకిచ్చాను కూడా. ఆ “అందరూ” అన్న మాటలో ఎవరెవరున్నారు అని మాత్రం 2025 డిసెంబరుదాకా ఎన్నడూ ఆలోచించిన పాపాన పోలేదు. ఆలోచింపజేసింది మా అమ్మ.

మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే స్నేహితురాలు ఒక కార్డు చేతిలో పెట్టి, “రావాలి సుమా, హాలు నిండకపోతే బాగుండదు” అంది. మా ఊరి విశ్వవిద్యాలయంలో ధరలు, వడ్డీలు, ద్రవ్యవిధానం గురించి పై ఊరినుంచి వచ్చిన ఒక పెద్ద ఆచార్యుడి ఉపన్యాసం. కార్డంతా ఇంగ్లీషే. ఇంటికి తెచ్చి భోజనాలబల్లమీద పడేశాను. మావారు దానిమీద కాఫీకప్పు పెట్టుకున్నారు. కప్పు తీశాక అమ్మ దాన్ని తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

అమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. తెలుగు బాగా చదువుతుంది. ఇంగ్లీషు అంతంత మాత్రం. కాని బ్యాంకు పుణ్యమా అని ఆవిడకు నాలుగైదు ఇంగ్లీషు మాటలు కొట్టినపిండి: ఫిక్సెడ్, రెన్యూవల్, నామినీ, ఇంటరెస్టు. ఆ ఆఖరి మాట కార్డుమీద కనపడింది.

“ఏమే, ఇది మన వడ్డీ సంగతేనా?” అంది.

“వడ్డీ సంగతేగాని, మన వడ్డీ కాదమ్మా. దేశం వడ్డీ.”

“దేశానికి వేరే వడ్డీ ఉంటుందిటే?”

నేను నవ్వి ఊరుకున్నాను. మర్నాడు పొద్దున చూద్దును గదా, అమ్మ నేతచీర కట్టుకుని, సంచీలో మంచినీళ్ళ సీసా పెట్టుకుని వీధరుగుమీద తయారుగా కూర్చుని ఉంది. “అందరూ రావచ్చునని రాశారుగా” అంది.

మా నాన్నగారు ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. పెన్షను లేదు. ఆయన పోయాక అమ్మ చేతిలో మిగిలింది బ్యాంకులో ఎనిమిది లక్షల డిపాజిట్టు. దానిమీద నెలనెలా వచ్చే వడ్డీయే ఆవిడ సంపాదన. మా ఇంట్లోనే ఉంటుంది, తిండికీ బట్టకూ లోటు లేదు. అయినా పాలవాడికి తనే ఇస్తుంది. తన మాత్రలు తనే కొనుక్కుంటుంది. “అల్లుడుగారి ఇంట్లో ఊరికే తింటున్నానన్న మాట నేను పడను” అంటుంది. మావారు ఆ మాట కలలోనైనా అనరు, అది వేరే విషయం. కొందరికి చేతిలో నాలుగు రూపాయలుంటేనే తల నిటారుగా నిలుస్తుంది. మా అమ్మ అల్లాంటి మనిషి.

సభ పదిన్నరకని వేశారు. పదకొండుంబావుకు మొదలైంది. మన సభల సంగతి మీకు తెలియనిది కాదు. జ్యోతి వెలిగించటం, అందులో ఒత్తి అంటుకోకపోవటం, ప్రార్థన, పూలగుత్తులు, ఒకరి తరవాత ఒకరు వేదికమీదివారిని పొగడటం. ముఖ్య అతిథిని పరిచయం చేసినాయన ఇరవై నిమిషాలు తీసుకున్నాడు. ఆచార్యులవారు లేచి మైకు ముందు నుంచునేసరికి పన్నెండు. వెనక వరసల్లో పిల్లలు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్ళను హాజరుపట్టీ చూపించి తోలుకొచ్చారు మరి. ముందు వరసలు అధికారులకని వదిలేశారు గనక ఖాళీగా ఉన్నాయి. అమ్మా నేనూ మధ్యలో కూర్చున్నాం.

ఆయన మాత్రం బాగానే చెప్పాడు. నేను చెవిలో తెలుగు చేస్తూ వచ్చాను. నాకర్థమైనంతవరకు మీకూ చెబుతాను.

రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు కొద్దిరోజుల అప్పు ఇస్తుంది. దానిమీద తీసుకునే వడ్డీ పేరు రెపో రేటు. అది పెరిగితే బ్యాంకులు మనకిచ్చే అప్పులమీద వడ్డీ పెరుగుతుంది. జనం అప్పు చేయటానికి, కొనటానికి జంకుతారు. ధరల జోరు తగ్గుతుంది. అది తగ్గితే ఇదంతా తలకిందులుగా జరుగుతుంది. 2016 దాకా దాన్ని నిర్ణయించే బాధ్యత గవర్నరుగారిదే. ఆ ఏడు చట్టం మార్చి ఆరుగురితో ఒక సంఘం వేశారు. ముగ్గురు రిజర్వు బ్యాంకువారు, ముగ్గురు ప్రభుత్వం నియమించే బయటివారు. ఓట్లు చెరిసగమైతే గవర్నరుగారి ఓటు మళ్ళీ లెక్కకు వస్తుంది. వాళ్ళకు అప్పగించిన పని ఒకటే: ధరల పెరుగుదలను ఏడాదికి నాలుగు శాతం దగ్గర నిలబెట్టటం. రెండుకు తగ్గకూడదు, ఆరు దాటకూడదు.

2023 జూలైలో ధరల పెరుగుదల 7.44 శాతం. 2025 అక్టోబరుకు అది 0.25 శాతానికి పడిపోయింది. అంచేత 2025 లో రెపో రేటును నాలుగుసార్లు కోశారు. ఫిబ్రవరిలో 6.50 నుంచి 6.25 కు, ఏప్రిల్లో 6 కు, జూన్లో ఒక్కసారే అరశాతం కోసి 5.50 కు, డిసెంబరులో 5.25 కు. మొత్తం 1.25 శాతం. ఆ అంకె తెరమీద పడగానే ముందున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

“ఎందుకే చప్పట్లు?” అంది అమ్మ.

“వడ్డీలు తగ్గాయని.”

అమ్మ చప్పట్లు కొట్టలేదు.

ఆ తరవాత ఇంకో చర్చ వచ్చింది. వడ్డీరేటు నిర్ణయించేటప్పుడు ఏ ధరలు చూడాలి? 2024 జూలైలో వెలువడ్డ ప్రభుత్వ ఆర్థిక సర్వే, తిండి వస్తువులను పక్కనపెట్టి మిగతా ధరలనే గురిగా పెట్టుకోవటం గురించి ఆలోచించాలన్నది. వాళ్ళ వాదన ఇది: వానలు కురవక టమాటా ధర పెరిగిందనుకోండి, వడ్డీ పెంచితే టమాటాలు కాస్తాయా? నిజమే. రెండో పక్షం వారంటారూ, 2012 ను ఆధారంగా తీసుకున్న ధరల సూచీలో నూటికి దాదాపు 46 పాళ్ళు తిండీ తీర్థమే. అది లెక్కలోంచి తీసేస్తే ఇంటి లెక్కలోంచి పోతుందా? తిండి పెరిగితే కూలివాడు కూలి పెంచమంటాడు, అక్కడినుంచి అన్నీ పెరుగుతాయి. అదీ నిజమే.

ఇదంతా నేను గుసగుసగా చెబుతుంటే అమ్మ గుసగుస మరిచిపోయి, “తిండి తీసేస్తే ఇంక ధరలేం మిగిలాయే?” అంది. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. నాకు చెవులు ఎర్రబడ్డాయి.

ఉపన్యాసం అయ్యేసరికి ఒంటిగంటా పది. వరండాలోంచి పులిహోర వాసన వస్తున్నది. అధ్యక్షులవారు మైకు అందుకుని, “ప్రశ్నలకు వ్యవధి లేదు, అయినా ఒకటి రెండు...” అని ఇంగ్లీషులో అంటూ చేతి గడియారం చూసుకున్నారు. అప్పుడు మీరెవరైనా ఆయన మొహం చూసి ఉంటే ప్రశ్న వేసేవారు కాదు.

ఇక్కడ కొంచెం ఆగి ఒక పాత ముచ్చట చెప్పాలి. ఉపన్యాసం చివర ప్రశ్న అన్నది మర్యాదకోసం పెట్టింది కాదు, ఉపన్యాసానికి అదే ప్రాణం. 1931 జనవరిలో హయెక్ అనే ఆస్ట్రియా ఆర్థికవేత్త లండన్‌లో ఉపన్యాసాలివ్వబోతూ దారిలో కేంబ్రిడ్జిలో మాట్లాడాడు. ప్రపంచమంతా మాంద్యం, లక్షలమంది పనిలేక కూర్చున్నారు. ఆయన నల్లబల్లనిండా త్రికోణాలు గీసి, జనం దాచుకోకుండా అతిగా ఖర్చుపెట్టటమే తంటా తెచ్చిందని చెప్పాడు. సభ మూగబోయింది. అప్పుడు పాతికేళ్ళ రిచర్డ్ కాన్ లేచి, నేను రేపు బజారుకు వెళ్ళి కొత్త ఓవరుకోటు కొంటే దేశంలో నిరుద్యోగం పెరుగుతుందంటారా అని అడిగాడు. హయెక్ అవునన్నాడు. అయితే ఎందుకో చెప్పాలంటే పెద్ద గణితం కావాలన్నాడు. ఈ సంగతి నలభై ఏళ్ళ తరవాత, 1971 లో, జోన్ రాబిన్సన్ ఇంకో ఉపన్యాసంలో చెప్పగా లోకానికి తెలిసింది. అన్ని త్రికోణాలూ ఒక్క కోటుతో వీగిపోయాయని కొందరంటారు. హయెక్ పక్షంవారు ఒప్పుకోరు. ఏమైనా, జనం గుర్తుపెట్టుకున్నది కోటునే.

అదే కేంబ్రిడ్జిలో కీన్స్ తన గదిలో సోమవారం రాత్రులు ఒక గోష్ఠి నడిపేవాడు. ఎవరో ఒకరు వ్యాసం చదవాలి. విన్నవాళ్ళు అంకెలు వేసిన చీటీలు తీయాలి. అంకె వచ్చినవాడు, ఎంత పిరికివాడైనా సరే, వరసప్రకారం పొయ్యిముందు తివాచీమీద నుంచుని నాలుగు మాటలు అనవలసిందే. కుర్రాళ్ళచేత నోరు తెరిపించటానికి ఎంత ఉపాయమో చూడండి! మనం నోరు తెరవాలనుకున్నవాళ్ళకు గడియారం చూపిస్తాం.

ఇక భాష సంగతి. అర్థశాస్త్రం ఇంగ్లీషులో తప్ప పలకదని మనకొక నమ్మకం. “ముసలమ్మ మరణము” రాసిన కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారు, 1926 లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మొదటి ఉపాధ్యక్షులు. ఆయన తెలుగులో అర్థశాస్త్రం పుస్తకం రాశారు. నేను ఎమ్మే విద్యార్థులకు ఆయన “కవిత్వతత్త్వ విచారము” ఏటేటా చెబుతాను, ఈ పుస్తకం పేరు మాత్రం ఎత్తను. ఎందుకంటే ప్రశ్నాపత్రంలో రాదు గనక. హైదరాబాదులో 1918 లో వెలసిన ఉస్మానియా, స్వాతంత్ర్యం వచ్చేదాకా, చరిత్రా అర్థశాస్త్రమూ వైద్యమూ అన్నీ ఉర్దూలోనే చెప్పింది. పుస్తకాలు తర్జుమా చేయటానికి ప్రత్యేకంగా ఒక శాఖే పెట్టుకుంది. ఆ ఉర్దూ తెలంగాణా పల్లెల్లోని తెలుగువాళ్ళకు ఇంగ్లీషంత దూరమే, ఆ మాటా అనుకోవాలి. అయినా దేశభాషలో పై చదువు సాధ్యమేనని ఋజువైంది. 1968 లో తెలుగు అకాడమి వచ్చి తెలుగులో కాలేజీ పుస్తకాలు వేసింది. ద్రవ్యోల్బణం, లోటు బడ్జెట్టు, తలసరి ఆదాయం వంటి మాటలు ఈనాడు పత్రిక చదివే ప్రతివారికీ తెలుసు. మాటలున్నాయి. సభలో పలకటానికి మొహమాటం, అంతే.

ఇన్ని తెలిసినదాన్ని ఆరోజు నేనేం చేశానో వినండి.

ఇద్దరు కుర్రాళ్ళు ఇంగ్లీషులో చెరో ప్రశ్న అడిగారు. ప్రశ్నలు కావవి, చిన్న ఉపన్యాసాలు. అధ్యక్షులవారు “ఇక వందన సమర్పణ” అనబోతుండగా నా పక్కన కదలిక. అమ్మ లేచి నుంచుంది. చెయ్యి కూడా ఎత్తింది.

నేను అమ్మ కొంగు పట్టుకుని కిందికి లాగాను.

ఏటా ఆగస్టు 29 న, గిడుగువారి పుట్టినరోజు పండగనాడు, వేదికెక్కి తల్లిభాష గొప్పతనం గురించి గంటసేపు మాట్లాడతాను. ఆ నోటితోనే, “అమ్మా, కూర్చో, ఇక్కడ తెలుగులో అడగరు” అన్నాను. ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను కూడా. అమ్మ నావంక ఒకసారి చూసి, కొంగు విడిపించుకుని భుజంమీద సర్దుకుంది.

“నాయనా, నాదొక మాట” అంది పెద్దగా. మైకు అక్కర్లేదు ఆవిడకు. “మా అమ్మాయికి ఇంటి అప్పుంది. వడ్డీలు తగ్గాయి గనక దానిమీద వడ్డీ తగ్గిందిట. నాకు బ్యాంకులో డిపాజిట్టుంది. మొన్న నవంబరులో గడువైతే తిరగరాశారు. ఇదివరకు నూటికి 7.75 ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు 6.75. మేమిద్దరం ఒక్క ఇంట్లోనే ఉంటున్నాం. ఇందాక అందరూ చప్పట్లు కొట్టారు. మా ఇంటికి లాభం వచ్చిందనుకోవాలా, నష్టం వచ్చిందనుకోవాలా?”

వెనక వరసల్లో నవ్వులు. సెల్‌ఫోన్లలోంచి తలలు పైకి లేచాయి. అధ్యక్షులవారు ఏదో అనబోయారు. ఆచార్యుడు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. మైకు వదిలేసి వేదిక అంచుకు వచ్చాడు. ఆయన తెలుగువాడేనని అప్పుడు తెలిసింది. పై ఊళ్ళలో ఉండి ఉండి మాట తడబడుతున్నది.

“అమ్మా, ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు” అన్నాడు. “వడ్డీరేటు ఒక్కటే పనిముట్టు. అప్పున్నవాళ్ళకు ఒకటి, దాచుకున్నవాళ్ళకు ఒకటి అని రెండు రేట్లు పెట్టలేం. తగ్గిస్తే అప్పున్నవాడికి మేలు, దాచుకున్నవాడికి కోత. అయితే ఇంకోవైపు చూడండి. 2023 జూలైలో మీకు 7.75 వస్తున్నప్పుడు ధరలు 7.44 చొప్పున పెరుగుతున్నాయి. అంటే మీ చేతిలో నిజంగా మిగిలింది ఇంచుమించు సున్న. ఇప్పుడు 6.75 వస్తున్నా, ధరలు పెరగటం దాదాపు ఆగిపోయింది గనక మీకు మిగిలేది అప్పటికంటె ఎక్కువే.”

నాకు ఈ సమాధానం చక్కగా అనిపించింది. ఇంక కూర్చుంటుందనుకున్నాను.

“పెరగటం ఆగిందంటున్నారు. పెరిగింది దిగలేదు గదా నాయనా?” అంది అమ్మ. “కూరలేవో కాస్త దిగాయేమో. నా మాత్రలు దిగలేదు. డాక్టరు ఫీజు దిగలేదు. నా వడ్డీ మాత్రం దిగింది. నెలకు 5,166 వచ్చేది 4,500 అయింది. మా చెల్లెలు పల్లెలో ఒంటరిగా ఉంటుంది. దానికి నెలకు 500 పంపేదాన్ని. నవంబరునుంచి మానేశాను. అది అడగదు. నేను చెప్పలేను.”

హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

పిన్నికి అమ్మ డబ్బు పంపుతుందని నాకు తెలుసు. మానేసిందని తెలియదు. ఒకే కప్పుకింద ఉంటూ ఆ సంగతి నేను రెండువందలమందితో కలిసి, ఒక సభలో విన్నాను.

ఆచార్యుడు కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత నిజం ఒప్పుకున్నాడు. “మీరన్నది ఒప్పే. మేం చెప్పే ధరల సూచీ సగటు కుటుంబానిది. కారఖానా కార్మికులకు వేరే సూచీ ఉంది, వ్యవసాయ కూలీలకు వేరే ఉంది. వడ్డీమీద బతికే పెద్దవాళ్ళకు విడిగా సూచీ లేదు. మీ సంచీలో మందులెక్కువ, మా లెక్కలో తక్కువ.” ఆగి, “పెద్దలకోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం ఒకటుంది, పోస్టాఫీసులో. మీకెవరూ చెప్పలేదా? అరవై దాటినవాళ్ళు ముప్ఫై లక్షలదాకా వేసుకోవచ్చు. దాని వడ్డీ ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం, రెపో ఇంత తగ్గినా అది తగ్గలేదు. అయిదేళ్ళు అదే రేటు మీకు నిలుస్తుంది” అన్నాడు.

“చెప్పేవాళ్ళెవరు నాయనా?” అంది అమ్మ. కూర్చుంది.

ఆ చెప్పవలసిన మనిషి పక్క కుర్చీలోనే తల వంచుకుని ఉంది.

వందన సమర్పణ జరిగింది. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. వరండాలో పులిహోర పొట్లాలు పంచుతున్నారు. కుళాయిదగ్గర చేతులు కడుక్కుంటుంటే ఒక ఎమ్మే విద్యార్థిని దగ్గరకు వచ్చింది. “మేడమ్, బామ్మగారు భలే అడిగారు. నేనూ ఒకటి అడుగుదామనుకున్నాను” అంది.

“ఏమిటమ్మా అది?”

“మా నాన్న కౌలురైతు. భూమి కాగితాలు మా పేరున లేవని బ్యాంకువాళ్ళు పంటరుణం ఇవ్వరు. ఊళ్ళోనే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. అంటే ఏడాదికి 24 శాతం. రెపో ఏడాదిలో 1.25 తగ్గిందిగదా, మా ఊళ్ళో రెండు రూపాయలు రెండు రూపాయలుగానే ఉంది. ఆ తగ్గిందేదో మా ఊరిదాకా ఎందుకు రాదు అని.”

“మరెందుకు అడగలేదు?”

“మనసులో ఇంగ్లీషులో కూర్చుకునేసరికి టైమైపోయిందన్నారు మేడమ్.”

ఆరోజు ఆ హాల్లో పుట్టిన ప్రశ్నల్లో ఇది అన్నిటికన్న గొప్పది. అది బయటికి రాకుండానే పులిహోర పొట్లం అందుకుని వెళ్ళిపోయింది.

ఆటోలో చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. చివరికి నేనే, “పిన్నికి పంపటం మానేశానని నాతో ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాను.

“నువ్వు అడిగితేగా?” అంది. కొంచెం ఆగి, “కొంగెందుకు లాగావే?” అంది.

“టైము లేదన్నారుగా...”

“టైము లేకనా?”

నేను రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి మావారు కాగితం పెన్సిలూ తీసుకుని లెక్క వేశారు. మాకు ఇంటి అప్పు ఇంకా 22 లక్షలుంది, పదిహేనేళ్ళ గడువు. 2019 అక్టోబరు తరవాత ఇచ్చిన ఇంటి అప్పులు సాధారణంగా రెపోవంటి బయటి రేటుకు ముడిపెట్టి ఉంటాయి గనక, మా వడ్డీ 8.75 నుంచి 7.50 కి దిగింది. బ్యాంకువారు వాయిదా తగ్గించకుండా గడువు తగ్గించారు. అందుకే మా చేతికి ఏమీ తెలియలేదు. వాయిదాయే తగ్గించమని అడిగే హక్కు మనకుంది. అడిగితే నెలకు సుమారు 1,590 రూపాయలు మిగులుతుంది. అమ్మకు పోయింది 666. అంటే ఇల్లంతా కలిపి చూస్తే లాభమే. ఆచార్యుడి సగటు లెక్క తప్పు కాదు. కాని ఆ సగటులో లాభం ఒకరి జేబులో పడింది, నష్టం ఇంకొకరి పర్సులోంచి పోయింది. ఇంట్లోనే ఇల్లా ఉంటే దేశంమాట చెప్పాలా?

“అత్తయ్యగారూ, ఆ 666 మేమిస్తాం, తీసుకోండి” అన్నారు మావారు.

“వద్దు బాబూ. మా చెల్లెలికి నా డబ్బు పంపుతాను, మీది కాదు” అంది అమ్మ. ఆ మాటకు జవాబు లేదు.

మర్నాడు నేను కాలేజీకి సెలవు పెట్టి అమ్మను తీసుకుని ముందు బ్యాంకుకు, తరవాత పోస్టాఫీసుకు వెళ్ళాను. గడువుకు ముందే డిపాజిట్టు తీసినందుకు బ్యాంకువారు కొంత కోత కోశారు. అది నెల రోజుల వడ్డీకి మించలేదు గనక సరిపెట్టుకున్నాం. ఎనిమిది లక్షలమీద ఇప్పుడు ఏడాదికి 65,600, మూణ్ణెల్లకొకసారి 16,400 వస్తుంది. “నెలనెలా ఇవ్వకూడదుటే వీళ్ళు?” అని అమ్మ గుమాస్తాతో కాసేపు వాదించింది. పిన్నికి జనవరినుంచి మళ్ళీ 500 వెడుతున్నది. మధ్యలో పంపని రెండు నెలలదీ కలిపి పంపింది.

మీ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళ డిపాజిట్లుంటాయి. ఏ రేటుకున్నాయో, గడువెప్పుడో ఒకసారి పక్కన కూర్చుని అడిగి చూడండి. పెద్దల పథకం అందరికీ సరిపోతుందని అనను. చేతిలో డబ్బు అవసరమైనవాళ్ళకు అయిదేళ్ళ గడువు ఇబ్బందే. దాని రేటు కూడా ప్రభుత్వం మూణ్ణెల్లకొకసారి ప్రకటిస్తుంది, కొత్తగా వేసేవాళ్ళకు మారవచ్చు. కాని అడగటంవల్ల నష్టం లేదు. నేను అడగక పోగొట్టుకున్నదేమిటో చెప్పానుగా.

సభలు జరిపే పెద్దలకు కూడా ఒక మనవి. పరిచయాలు అయిదు నిమిషాల్లో ముగించండి. శాలువా వేదిక వెనకాల కప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. ప్రశ్నలకు అరగంట ఉంచండి. “తెలుగులో అడగవచ్చు” అని అధ్యక్షులవారు ఒక్క మాట మైకులో అంటే చాలు, వెనక వరసలో కూర్చున్న కౌలురైతు కూతురు లేస్తుంది. ధరలూ వడ్డీలూ పన్నులూ ఆచార్యుల సొత్తు కాదు. వాటిని కట్టేదీ, పడేదీ “అందరూ” అన్న ఆ చిన్న అక్షరాల్లో ఉన్నవాళ్ళే.

నాకు నేను వేసుకున్న శిక్ష ఒకటుంది. ఆ అమ్మాయి ప్రశ్నను తెలుగులో శుభ్రంగా రాయించి ఆచార్యుడికి పంపాను. జవాబింకా రాలేదు. వస్తే ఈ పుటలోనే మీకు వినిపిస్తాను.

మొన్న మళ్ళీ ఒక కార్డు వచ్చింది. కేంద్రం పన్నుల్లో రాష్ట్రాలకెంత వాటా అన్నదాని గురించిట. బల్లమీద పెట్టాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, “ఎప్పుడే?” అంది.

“వచ్చే బుధవారం, పదిన్నరకు.”

“అయితే పదకొండుంబావుకు వెడదాం. ఆ చీరకు పిన్నీసు పెట్టుకుంటాలే” అంది.